విమానపుర జ్ఞాపకాలు: రివెట్లు, మెలి తీగలు, టైరు మీద ఎర్రగీత

అనంతపురం నుంచో కర్నూలు నుంచో చుట్టాలు దిగితే బెంగళూరు తెలుగిళ్ళలో ఒక వరస ఉండేది. ఒకరోజు లాల్‌బాగ్, ఒకరోజు కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం, పిల్లలు మరీ మారాం చేస్తే బన్నేరుఘట్ట. 2001లో విమానాలు తయారుచేసే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తన విమానాల మ్యూజియం తెరిచాక ఆ వరసలో ఇంకో పూట చేరింది. మురుగేశపాళ్య, విమానపుర, మారతహళ్ళి వైపు కాపురముండేవాళ్ళకు అది ఇంటి పక్క సంగతి. మెజెస్టిక్ నుంచి వచ్చేవాళ్ళు 335-ఈ బస్సెక్కి, దొమ్ములూరు దాటాక కండక్టరుకు ఇంకోసారి గుర్తుచేసి, హెచ్‌ఏఎల్ పోలీస్ స్టేషన్ దగ్గర దిగేవారు. సంచిలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు, కింద పరుచుకోడానికి ఒక దుప్పటి.

మ్యూజియం ఉన్న రోడ్డును ఇప్పుడు పాత విమానాశ్రయం రోడ్డు అంటారు. అప్పటికి జనం నోట ఆ రోడ్డు పేరులో ‘పాత’ అన్న మాట లేదు. 2008 మే 24న ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి తరలిపోయేదాకా ఊరి విమానాశ్రయం ఇదే. అమెరికా వెళ్ళే పిల్లల్ని సాగనంపడానికి తెలుగు కుటుంబాలు కళ్ళు తుడుచుకుంటూ నిలబడిన గేటు కూడా ఈ రోడ్డు మీదే.

మ్యూజియంలో జనం నడిచే దారి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. గేటు దాటగానే మిగ్ ముందు ఫొటో, హెలికాప్టర్ ముందు ఫొటో, పిల్లలకు సిమ్యులేటర్, ఆ తర్వాత ఐస్‌క్రీమ్. ముప్పావు గంటలో బయటికి. చూడాల్సింది అంతకంటే చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం అరచేతంత వెడల్పులో, మోకాలి ఎత్తులో, బోర్డు ఏమీ లేని చోట ఉంటుంది. మారుత్, అజీత్ యుద్ధ విమానాలు, కిరణ్, హెచ్‌టీ-2 శిక్షణ విమానాలు వంటివి ఈ గోడ అవతలి ఫ్యాక్టరీ షాపుల్లోనే తయారయ్యాయి. వాటి రేకు మీద ఆనాటి ఫిట్టర్ల చేతి గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. పిల్లలకు చూపించాల్సినవి అవి.

ముందు ఫొటోల హాలు. ఎండలోంచి వచ్చినవాళ్ళు ఫ్యాను కింద నిలబడి చెమట తుడుచుకుని వెళ్ళిపోయే గది అది. దశాబ్దాల వరసలో గోడల నిండా ఫొటోలు ఉంటాయి. 1940 డిసెంబర్‌లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో ఈ కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాదే హార్లో అనే అమెరికన్ శిక్షణ విమానాన్ని ఇక్కడ బిగించి ఎగరేశారు. యుద్ధం ముదిరాక ఫ్యాక్టరీ నిర్వహణ అమెరికా సైన్యం చేతికి వెళ్ళింది, మరమ్మతుల కేంద్రం అయింది. నీళ్ళ మీద దిగే కాటలీనా విమానాలు మరమ్మతు కోసం వచ్చి బెళ్ళందూరు చెరువులో వాలేవి. ఇప్పుడు ఆ చెరువు గట్టు మీదుగా ఆఫీసుకు వెళ్ళే మన పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, ఫొటో ముందు నుంచి కదలరు.

ఆ హాల్లోనే రైలు పెట్టెల సంగతి కూడా వెతకండి. యుద్ధం అయిపోగానే విమానాల పని తగ్గింది, చేతులు మాత్రం వేలల్లో ఉన్నాయి. రేకు కోయడం, వంచడం, రివెట్ కొట్టడం వచ్చిన చేతులు రైలుపెట్టెలు కట్టాయి. 1964లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్ (భారత్ ఎర్త్ మూవర్స్)కు ఆ పెట్టెల విభాగమే పునాది. మన నాన్నల తరం గుంతకల్లు జంక్షన్‌లో ఎక్కి కూర్చున్న ఇనుప పెట్టెల వెనక విమానాల పనితనం ఉండి ఉండొచ్చన్నది నాకు ఎప్పుడూ ఇష్టమైన ఆలోచన.

ఇక బయటికి వచ్చి ఏదో ఒక విమానం పక్కన, ఎండ ఏటవాలుగా పడే వైపు నిలబడండి. ఉదయం పదిలోపు అయితే మంచిది. నడినెత్తిన ఎండ ఉంటే రేకు మీది ఎత్తుపల్లాలు కనపడవు. ఇప్పుడు రివెట్ల వరసలు చూడండి. పిల్లలకు ఇది బట్టకు వేసిన కుట్టులా అర్థమవుతుంది. కుట్టు ఎక్కడుందో దాని కింద పక్కటెముకో దూలమో ఉన్నట్టు. రెక్క పొడవునా దగ్గర దగ్గరగా, రెండేసి వరసలుగా పోయేది దూలం, అంటే స్పార్. దానికి అడ్డంగా, ముందు నుంచి వెనక్కి ఒంటి వరసగా పోయేవి రిబ్బులు. ఐదు నిమిషాలు చూస్తే రేకు విప్పకుండానే లోపలి అస్థిపంజరం మొత్తం గీసెయ్యొచ్చు.

తలలు కూడా గమనించండి. కొన్నిచోట్ల రివెట్ తల బొడిపెలా పైకి ఉంటుంది, కొన్నిచోట్ల రేకుతో సమానంగా కూరుకుపోయి వేలు పెట్టినా తెలియదు. గాలి మొదట తాకే రెక్క ముందంచు దగ్గర చదును తలలు వాడతారు. అక్కడ చిన్న బొడిపె ఉన్నా గాలి చెదిరిపోయి, ఆ చెదురు వెనక రెక్కంతా పాకుతుంది. చదును తల కూర్చోడానికి రేకులో గిన్నెలాంటి గుంట చెయ్యాలి, అది శ్రమ. అందుకే నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానాల మీద బొడిపె తలలు ఎక్కువ, వేగంగా పోయేవాటి మీద తక్కువ. హెచ్‌టీ-2 పక్కన ఒక నిమిషం, మారుత్ పక్కన ఒక నిమిషం నిలబడితే తేడా కంటికే తెలుస్తుంది.

రివెట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట ఒకరు గాలితో నడిచే గన్ను పట్టుకుంటారు, లోపల ఒకరు బకింగ్ బార్ అనే ఉక్కు దిమ్మను రివెట్ తోక మీద ఆనిస్తారు. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. దెబ్బ పడ్డాక తోక నలిగి చిన్న బిళ్ళలా మారాలి. ఆ బిళ్ళ వెడల్పు రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్ మందంలో సగం. ఇంతకంటే తక్కువ నలిగితే పట్టు ఉండదు, ఎక్కువ నలిగితే తోక చిట్లుతుంది, రేకు ఉబ్బుతుంది. గట్టి మిశ్రమంతో చేసిన రివెట్లకు ఇంకో తంటా ఉంది. వాటిని కాల్చి, చల్లార్చి, మెత్తగా ఉండగానే కొట్టాలి. బయట ఉంచితే వాటంతట అవే గట్టిపడిపోతాయి. అందుకని ఫ్రీజర్‌లో దాచి, పనికి కావలసినన్ని మాత్రం తీస్తారు. బాగా గట్టి రకమైతే బయటికి తీసిన పది ఇరవై నిమిషాల్లో కొట్టెయ్యాలి, ఆలస్యమైతే చిట్లుతుంది. విమానాల షాపులో ఫ్రిజ్ ఎందుకు అని అడిగే పిల్లలకు ఇదే జవాబు.

తప్పు జరిగిన చోట్లు వెతకడం పిల్లలకు మంచి ఆట. గన్ను జారితే రివెట్ తల చుట్టూ నెలవంక ఆకారంలో చొట్ట పడుతుంది. వరసలో ఒక తల మాత్రం పక్కవాటికంటే పెద్దగా ఉందంటే, పాత రివెట్ తొలిచి తీసేసరికి రంధ్రం పెరిగిందనీ, ఒక సైజు పెద్దది వేశారనీ అర్థం. గుండ్రటి అతుకు, దాని చుట్టూ ఉంగరంలా రివెట్లు కనిపిస్తే అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి మరమ్మతు జరిగింది. అతుకులకు మూలలు ఉంచరు, గుండ్రంగా కోస్తారు. మూల ఉంటే అక్కడి నుంచే బీట మొదలవుతుంది.

రివెట్ల వెనక నల్లటి చారలు కూడా ఉండొచ్చు. రివెట్ వదులై రేకు కదులుతుంటే అల్యూమినియం అరిగి నల్లటి పొడి వస్తుంది. దాన్ని పొగ వదిలే రివెట్ అంటారు. ఆరుబయట నిలబెట్టిన విమానం మీద వాన మరకలు కూడా అలాగే ఉంటాయి కాబట్టి పొరపాటు పడొద్దు. వాన మరక నేల వైపు కారుతుంది, రివెట్ పొగ గాలి పోయిన దిక్కుకు, అంటే తోక వైపు సాగుతుంది. రేకు అంచుల్లో సున్నంలాంటి తెల్లటి పొడి కనిపిస్తే అది అల్యూమినియానికి పట్టిన తుప్పు.

పుష్పక్ కనిపిస్తే మాత్రం రివెట్ల లెక్క వదిలెయ్యండి. 1958లో ఎగిరిన ఈ రెండు సీట్ల చిన్న విమానం మీద ఉన్నది గుడ్డ. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దీని మీదే చెయ్యి తిప్పుకున్నారు. బిగించిన గుడ్డ మీద డోప్ అనే జిగురు రంగు పూస్తే ఆరేకొద్దీ డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. రిబ్బుల వెంబడి దారంతో కుట్టి, ఆ కుట్టు మీద పట్టీ అంటిస్తారు. ఆ పట్టీ అంచులు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటాయి. తిన్నగా కోసిన అంచు పోగులు ఊడుతుంది, గాలికి లేస్తుంది. మన టైలర్లు గుడ్డ అంచును రంపపు కత్తెరతో కోసేది ఎందుకో, ఇదీ అందుకే.

ఇంజిన్ల హాలుకు వెళ్తే పెద్దవాళ్ళు లోపలిది కనపడేలా కోసిన, గిరగిర తిరిగే నమూనాల ముందు ఆగుతారు. ఆగాల్సిందే. కానీ ముందు ఇంజిన్ పై కప్పులు, పైపుల చివర్ల దగ్గర బోల్టులు చూడండి. బోల్టు తలకు అడ్డంగా సన్నటి రంధ్రం, అందులోంచి పురి పెట్టిన తీగ ఒకటి పక్క బోల్టుకు పోతుంది. అదే లాక్ వైర్. ఇంజిన్ అదురుకు బోల్టు వదులవకుండా కట్టే తాడు అనుకోండి. ఎటు పడితే అటు కట్టరు. ఒక బోల్టు విప్పుకోబోతే తీగ లాగి రెండో బోల్టును బిగించే వైపుకు పోయేలా కట్టాలి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు. తక్కువైతే తీగ వదులుగా ఊగి అరుగుతుంది, ఎక్కువైతే పెళుసై తెగుతుంది. చివర కత్తిరించిన ముక్కను లోపలికి వంచాలి, లేకపోతే తర్వాత చెయ్యి పెట్టేవాడి వేలు చీరుకుపోతుంది. ఒకే ఇంజిన్ మీద ఇలాంటివి పదుల కొద్దీ. మెలికలు సమానంగా ఉన్న చోట వేసినవాడి ఓపిక కనిపిస్తుంది.

ఆర్ఫియస్ ఇంజిన్ వెతకండి. బెంగళూరు ఇంజిన్ విభాగంలో తయారైన ఈ చిన్న జెట్ ఇంజిన్ నాట్ అనే చిన్న యుద్ధ విమానంలో ఒకటి, మారుత్‌లో రెండు పెట్టారు. గాలిని నొక్కే కంప్రెసర్ వరసలు ఏడు. ముందు వరసలో రేకులు (బ్లేడ్లు) పొడవు, వెనక్కి పోయేకొద్దీ పొట్టి. గాలి నలిగేకొద్దీ తక్కువ చోటు చాలు. ఆ వెనక మంట మండే గొట్టాలు ఏడు, చివర టర్బైన్ చక్రం ఒక్కటే. ఆ ఒక్క చక్రం ముందున్న ఏడింటినీ తిప్పాలి. టర్బైన్ రేకుల మొదలు దగ్గర చూస్తే దేవదారు చెట్టు ఆకారంలో మెట్లు మెట్లుగా కోసి, చక్రంలోకి జొనిపినట్టు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అవి కొద్దిగా వదులు. ఆగిన ఇంజిన్‌ను చేత్తో తిప్పితే టకటకమని గాజుల చప్పుడు వస్తుంది. వేడెక్కి, తిరిగే వేగానికి బయటికి లాగబడ్డాక ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. బిగుతుగా అమరిస్తే వేడికి పెరగడానికి చోటు లేక బీటలిస్తాయి.

ఆవ్రో అనే రవాణా విమానాల డార్ట్ ఇంజిన్ కనిపిస్తే ఊరి నుంచి వచ్చిన తాతయ్యను ముందుకు పిలవండి. దాని కంప్రెసర్‌లో ఉండేవి మన బోరు మోటారులోని ఇంపెల్లర్ల లాంటివే, రెండు. నీళ్ళ బదులు గాలి, అంతే తేడా. పొలంలో మోటారు విప్పిన అనుభవం ఉన్నవాళ్ళు ఆ ఇంజిన్‌ను రెండు నిమిషాల్లో మనవళ్ళకు విడమరిచి చెప్పగలరు.

మారుత్ దగ్గర ఎక్కువసేపు ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోకే-వుల్ఫ్ 190 యుద్ధ విమానం రూపొందించిన జర్మన్ ఇంజనీర్ కుర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి, ఇక్కడి కుర్రాళ్ళతో కలిసి గీసిన విమానం ఇది. ముందు అసలు సైజులోనే చెక్కతో గ్లైడర్ కట్టి 1959లో డకోటా విమానం వెనక కట్టి లాగి ఎగరేసి చూశారు. అసలు మారుత్ 1961 జూన్ 17న లేచింది. నడిపింది సురంజన్ దాస్.

ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుంటే మారుత్ అందం సగం పోతుంది. తోక పక్క నుంచి, కొంచెం దూరంగా, ఏటవాలుగా చూడండి. రెక్కలు కలిసే చోట ఒళ్ళు నడుములా సన్నబడుతుంది. ధ్వని వేగం దగ్గర పడేకొద్దీ విమానం అడ్డుకోత వైశాల్యం ఒక్కసారిగా పెరిగితే గాలి ఎదురుతిరుగుతుంది. రెక్కలు వచ్చి కలిసిన చోట వైశాల్యం ఎటూ పెరుగుతుంది కాబట్టి, అక్కడ ఒంటిని కుదించి లెక్క సరిపెట్టారు. తర్వాత గాలి తీసుకునే నోళ్ళు చూడండి. నోటికీ విమానం ఒంటికీ మధ్య సందు వదిలి ఉంటుంది. రేకును రాసుకుంటూ వచ్చే గాలి నీరసంగా, సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. అది ఇంజిన్‌లోకి పోతే కంప్రెసర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ సందు దాన్ని పక్కకు తప్పిస్తుంది. నోటి లోపల సగం కోసిన శంఖువు ఒకటి ఒంటికి ఆనుకుని ఉంటుంది. అది ధ్వనిని మించిన వేగంలో వచ్చే గాలిని నెమ్మదింపజేయడానికి పెట్టింది.

ఆ శంఖువు, ఆ నడుము చూస్తే మనసు బరువెక్కుతుంది. ధ్వనికి రెట్టింపు వేగాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన ఒళ్ళు ఇది. దానికి కావలసిన శక్తిమంతమైన ఆర్ఫియస్ రకాన్ని బ్రిటన్ మధ్యలోనే ఆపేసింది. దొరికిన 703 రకం రెండింటితో మారుత్ ధ్వని వేగం అంచుల దాకా వచ్చి ఆగిపోయింది. అయినా 147 కట్టారు. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో నేలకు దగ్గరగా ఎగిరి దాడులు చేశాయి. ఒక ఇంజిన్ దెబ్బతిన్నా రెండో దానితో తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ముక్కుకు రెండు వైపులా 30 మిల్లీమీటర్ల ఫిరంగుల రంధ్రాలు లెక్కపెట్టించండి, మొత్తం నాలుగు. ఇంజిన్ల శక్తి పెంచే ప్రయత్నంలోనే, 1970 జనవరి 10న, ఇదే రన్‌వే దగ్గర మారుత్ కూలి సురంజన్ దాస్ చనిపోయారు.

అజీత్ చిన్నది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 6.73 మీటర్లే. ఇద్దరు పిల్లల చేత అడుగులు వేయించి కొలిపించండి, మన ఇంటి హాలు కంటే పెద్దదేం కాదని వాళ్ళకే తెలుస్తుంది. దీని తల్లి నాట్. అందులో చక్రాలను, వాటి తలుపులను గాల్లో కొంచెం కిందికి దించి వేగం తగ్గించే బ్రేకుల్లా వాడేవారు. చోటు లేనప్పుడు ఒకే వస్తువు చేత రెండు పనులు చేయించడం ఇది. ఫిరంగులు కూడా గాలి నోళ్ళ అంచుల్లో ఇమిడ్చారు, ఒక్కో వైపు ఒకటి. నాట్‌ను అజీత్‌గా మార్చినప్పుడు చేసిన పెద్ద మార్పు కంటికి కనపడదు, రెక్కల లోపల ఉంది. రెక్క లోపలి ఖాళీనే ఇంధన ట్యాంకు చేశారు. దాంతో అంతకుముందు కింద వేలాడిన ట్యాంకుల చోటు ఆయుధాలకు దొరికింది. కానీ ప్రతి రివెట్ రంధ్రమూ కారే అవకాశమున్న రంధ్రమే. లోపలి నుంచి ప్రతి కీలుకూ సీలెంట్ పూయాలి. ఇంత పల్చటి రెక్కలో చెయ్యి దూర్చి ఆ పని చేసినవాళ్ళ కష్టం, రెక్క అంచు మందం వేళ్ళతో కొలిచి చూస్తే అర్థమవుతుంది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద వాయుసేన పైలట్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ ఒంటరిగా పోరాడి అమరుడైంది నాట్‌లోనే.

హెచ్‌టీ-2 ముక్కు దగ్గర వంగి చూడండి. వి.ఎం. ఘాటగే రూపకల్పనలో 1951 ఆగస్టులో ఎగిరిన మన మొదటి సొంత శిక్షణ విమానం ఇది. అందులోని సిరస్ మేజర్ ఇంజిన్ తలకిందులు. నాలుగు సిలిండర్లూ కిందికి వేలాడుతుంటాయి, క్రాంక్ పైన. దానివల్ల ప్రొపెల్లర్ ఎత్తుకు వస్తుంది, పైలట్‌కు ముందు దారి అడ్డు లేకుండా ఉంటుంది. చిక్కు ఏమిటంటే రాత్రంతా నిలబడితే నూనె కారి సిలిండర్లలోకి దిగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ నూనెను నొక్కలేక కడ్డీ వంగిపోతుంది. అందుకే పొద్దున్నే స్విచ్ కట్టేసి ఉందని రెండుసార్లు చూసుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పేవారు. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చెయ్యకూడదు, ప్లగ్ తీసి నూనె వంచాలి.

దాని చిన్న చక్రం తోక కింద ఉంది. బరువు పెద్ద చక్రాలకు వెనక పడుతుంది కాబట్టి, దిగాక కొంచెం పక్కకు తిరిగితే తోక ముందుకు రావాలని చూస్తుంది. గిర్రున తిరిగి రెక్క నేలను రాసుకుంటుంది. సూపర్ మార్కెట్ బండిని వెనక్కి తిప్పి తోస్తే ఎలా ఉంటుందో పిల్లల్ని ఊహించమనండి.

కిరణ్ గురించి క్లుప్తంగా. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునే విమానం, 1964లో లేచింది. వాయుసేన అకాడమీ ఉన్న దుండిగల్ వైపు పెరిగిన హైదరాబాదు వాళ్ళకు దీని ఈల తెలుసు. మొదటి రకంలో వాడిన వైపర్ ఇంజిన్ అసలు జిందివిక్ అనే లక్ష్య విమానం (గురి అభ్యాసానికి పైలట్ లేకుండా ఎగరేసేది) కోసం, కొన్ని గంటలు పనిచేస్తే చాలన్న లెక్కతో పుట్టింది. తర్వాత గట్టిపరిచి మనుషులెక్కే విమానాల్లో పెట్టారు. అది తెలిసి చూస్తే, పైలట్ లేకుండా ఎగిరే మన లక్ష్య దగ్గర కూడా ఇంకొంచెంసేపు ఆగుతాం. దాని పొట్ట కింద వేలాడే చిన్న ఇంజిన్‌ను హెచ్‌ఏఎల్ ఇక్కడే చేసింది.

టైర్లు ఎవరూ చూడరు. నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు అక్కడుంది. టైరు మీద మొదలై ఇనుప రిమ్ మీదికి సాగే చిన్న రంగు గీత, ఎక్కువగా ఎరుపో తెలుపో. విమానం దిగినప్పుడు ఆగి ఉన్న చక్రం ఒక్క క్షణంలో వేగం అందుకోవాలి. ఆ కుదుపుకు రిమ్ మీద టైరు కొంచెం జరగొచ్చు. గీత రెండు ముక్కలై కనిపిస్తే జరిగినట్టు. ట్యూబ్ ఉన్న టైరయితే వాల్వు మెడ తెగుతుంది. రోజూ పొద్దున మెకానిక్ చూసే మొదటి వస్తువుల్లో ఇది ఒకటి. టైరు గాడులు కూడా చుట్టూ తిన్నగానే ఉంటాయి, కారు టైరులా అడ్డ గాడులు ఉండవు. ఈ చక్రాన్ని ఏ ఇంజినూ తిప్పదు కాబట్టి నేలను పట్టి తొయ్యాల్సిన పని లేదు, నీళ్ళు పక్కకు పోతే చాలు. మ్యూజియాల్లో చాలా విమానాలను స్టాండ్ల మీద ఎత్తి ఉంచుతారు. ఏళ్ళ తరబడి ఒకే చోట బరువు పడితే టైరు అడుగు చదునైపోతుంది.

మిగ్-21 ముక్కులోని శంఖువు అందరూ చూస్తారు. అది వేగాన్ని బట్టి ముందుకూ వెనక్కీ జరుగుతుందనీ, దాని లోపలే రాడార్ ఉంటుందనీ చెప్పండి. ఒంటి పక్కల చిన్న తలుపులు ఉంటాయి. పరుగు మొదలెట్టినప్పుడు ముందు నోరు ఒక్కటే ఇంజిన్ ఆకలి తీర్చలేదు, అప్పుడు ఇవి లోపలికి తెరుచుకుంటాయి. 1963లో వచ్చిన మిగ్-21కు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాయుసేన వీడ్కోలు చెప్పింది. ఇకమీద పిల్లలకు అది ఇలాంటి చోట్లే కనిపిస్తుంది.

దాని ముందు ఈటెలా పొడుచుకొచ్చినది పిటో గొట్టం. ఎదురుగాలి ఒత్తిడి అందులోంచి, మామూలు గాలి ఒత్తిడి ఒంటి మీది సూది రంధ్రాల నుంచి వస్తాయి. రెండింటి తేడాను బట్టే వేగం తెలుస్తుంది. ఆ రంధ్రం మూసుకుపోతే పైలట్‌కు వేగం తెలియదు. మన కిటికీ చువ్వల్లో మట్టి గూడు కట్టే కుమ్మరి పురుగు లాంటిదానికి ఇలాంటి గొట్టమంటే ప్రాణం. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర ఒక బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. కప్పు వెయ్యకుండా రోజుల తరబడి నిలబెట్టిన విమానంలో పిటో గొట్టం మూసుకుపోయింది, కారణం అలాంటి పురుగు గూడే అయి ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్ళు అనుమానించారు. నిలబెట్టిన విమానాలకు ఎర్ర రిబ్బన్లు వేలాడే తొడుగులు వేసేది అందుకే.

చేతక్, చీతా హెలికాప్టర్ల ఇంజిన్ కప్పు లేకుండా వీపు మీద బయటికే ఉంటుంది, పైపులన్నీ కనిపిస్తాయి. రెక్క వెనకంచున చిన్న రేకు నాలుక ఉందేమో చూడండి. మూడు రెక్కలూ ఒకే ఎత్తులో తిరగకపోతే హెలికాప్టర్ మొత్తం ఊగుతుంది. పూర్వం ఒక్కో రెక్క కొసకు ఒక్కో రంగు పూసి, తిరుగుతుండగా కర్రకు కట్టిన గుడ్డను జాగ్రత్తగా ఆ కొసలకు తాకించేవారు. గుడ్డ మీద ఏ రంగు పైన పడిందో చూసి, ఆ రెక్కను సరిచేసేవారు. నాలుకను పిసరంత వంచితే చాలు. చీతా మూలరూపమైన ఫ్రెంచ్ లామా 1972 జూన్ 21న 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్ళింది. సియాచిన్‌లో మన సైనికులకు చీతా ఎందుకంత ఆసరా అయిందో ఆ అంకెలో ఉంది.

వెళ్ళేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. టైమింగులు, సెలవులు ముందే కనుక్కోండి. చిన్న టార్చి తీసుకెళ్ళండి, గాలి నోళ్ళు, చక్రాల గూళ్ళు లోపల చీకటి. ఫోన్ లైటు చాలదు. రెక్క వెనకంచులు, పిటో గొట్టాలు సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి, పరుగెత్తనివ్వకండి. మధ్యాహ్నం రేకు కాలుతుంది. కదిలే భాగాలను లాగొద్దు, కీళ్ళు ఏళ్ళ నాటివి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రం వానలు ఉంటాయి కాబట్టి బయటి విమానాలు ముందు, హాళ్ళు తర్వాత పెట్టుకోండి. సిమ్యులేటర్ చివర్లో. ముందే ఎక్కిస్తే పిల్లల మనసు ఇక దేని మీదా నిలవదు.

పక్కనే బతికున్న రన్‌వే ఉంది. తూర్పు పడమరలుగా ఉన్న దాని మీద తేజస్, హాక్ విమానాలు, ధ్రువ్ హెలికాప్టర్లు ఇప్పటికీ ఎగురుతుంటాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగా దిగుతుంది. నైరుతి గాలులున్న నెలల్లో మారతహళ్ళి వైపు నుంచి దిగి, నగరం వైపు లేస్తాయి. చలికాలంలో తూర్పు గాలి ఉంటే దానికి తిరగేసి. తల ఎత్తేముందు చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూసి, విమానం ఎటు నుంచి వస్తుందో పిల్లలనే చెప్పమనండి.

తిరుగు ప్రయాణంలో బయ్యప్పనహళ్ళి మెట్రో పట్టుకోవాలంటే పాత మద్రాసు రోడ్డుకు కలిసే దారిలో వెళ్ళాలి. ఆ దారి పేరు సురంజన్ దాస్ రోడ్డు. ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బోర్డు చూపించి, పొద్దున చూసిన మారుత్‌ను మొట్టమొదట ఎగరేసింది ఈయనే అని పిల్లలకు చెప్పండి.